మంచు మీద మన్ను

మా మనవరాలు మొన్న స్నేహితులతో కలిసి కొండలకి వెళ్లొచ్చింది. సాయంత్రం ఢిల్లీ పక్క మా ఇందిరాపురంలో బయల్దేరి, మర్నాడు మధ్యాహ్నానికి సొరంగం దాటి అవతలి లోయలో దిగారట. వచ్చిన దగ్గర్నుంచీ ఫోన్లో ఫోటోలు చూపిస్తోంది. మంచు ముందు నిలబడి తను, మంచు మీద పడుకుని తను. ఒక ఫోటో దగ్గర ఆగి మొహం చిట్లించింది.

"మామ్మా, యే దేఖో. సారా బరఫ్ గందా కర్ దియా."

చూశాను. వాలు మీద చిన్న పొలం. తెల్లటి మంచు మీద నల్లగా, చారలు చారలుగా మన్ను చల్లి ఉంది. వచ్చిపోయేవాళ్లు మంచుని పాడుచేశారని దాని బాధ.

"గందా కాదే అది. సేద్యం," అన్నాను.

"అచ్ఛా?" అంది, వేలితో ఆ ఫోటోని పక్కకి తోసేసింది.

వెనక్కి తియ్యమన్నాను. తియ్యలేదు. "పోనీలెండి అత్తయ్యా, చిన్నపిల్ల," అంది కోడలు వంటింట్లోంచి. పోనివ్వడం నాకు చేతకాదు. మా అమ్మకీ చేతకాలేదు. ఆ మన్ను ఎందుకు చల్లుతారో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. కూర్చుని వినే తీరిక వీళ్లెవరికీ లేదు గనక రాస్తున్నాను. నాకున్న చదువు కొంచెం. మా అయ్య చెక్కముక్క మీద వడ్రంగి పెన్సిలుతో దిద్దించిన అక్షరాలివి. పలక కొనేవాడు కాదు, చిత్రిక పట్టి చెరిపేసి మళ్లీ అదే చెక్క మీద రాయించేవాడు. తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి.

ఆ లోయ పేరు మాత్రం రాయను. రాస్తే మిగిలినవాళ్లు కూడా బస్సెక్కుతారు.

మా అయ్య వడ్రంగి. మాది సముద్రం పక్క ఊరు. పని వెతుక్కుంటూ ఢిల్లీ వచ్చి, కొండల్లో వంతెనలు కడుతున్నారంటే ఒక కంట్రాక్టరు వెంట పైకి వెళ్లాడు. ఒక ఏడు ఇంటికొచ్చినప్పుడు అమ్మ మూట కట్టుకుని కూర్చుంది. "నువ్వక్కడ, మేమిక్కడ అయితే రెండు పొయ్యిలు. రెండింటికి కర్రలెక్కడ తెత్తాం? ఒక పొయ్యి సాలు," అంది. అలా వేసవి చివర అమ్మ, నేను, నాకంటే చిన్నవాడు మా తమ్ముడు లారీలో దుంగల మీద కూర్చుని కనుమ దాటాం. కనుమ మీద తమ్ముడికి వాంతులయ్యాయి. నాకు చెవులు దిబ్బడేశాయి. అమ్మ మాత్రం ఒడిలో విత్తనాల మూట కదలకుండా పట్టుకుని కూర్చుంది. గోంగూర, తోటకూర, బెండ, ఆనప. ఒక్కొక్కటీ ఒక్కో పాత చీర పేలికలో ముడేసినవి.

మాకిచ్చింది ఒకటే సర్కారు గది. రాతి గోడలు, మట్టి కప్పు, మట్టి నేల. ఒక పక్క కలప దాచే షెడ్డు, దానికి మా అయ్య కాపలా కూడా. గది వెనక ఒక పట్టెడు నేల ఖాళీగా ఉండేది. అదీ సర్కారుదే. ఆ గట్టు దిగితే ఆమా పొలం. ఆమా అంటే అక్కడ అమ్మ అని. పేరేమిటో మాకు తెలీదు, ఊరంతా ఆమా అనే పిలిచేవాళ్లు, మేమూ అదే పిలిచాం. ముందు పళ్లు లేవు. నడుం వంగి ఉండేది గానీ వీపున గంప వేసుకుంటే మాత్రం కుర్రదానిలా నడిచేది.

ఆ గదిలో వాసనలు ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. దేవదారు చెక్కపొట్టు, కిరసనాయిలు, ఆరని ఉన్ని. ఆమా ఇంట్లోకి వెళ్తే పొగ, వెన్న, గొడ్ల చెమట. వాళ్ల టీలో ఉప్పూ వెన్నా వేస్తారు. మొదటిసారి గుక్క వేసి మా అమ్మ మొహం అదోలా పెట్టింది. "టీ అంటాది, చారులాగుంది," అంది. అయినా గిన్నె అడుగుదాకా తాగింది. పారబొయ్యడం మా ఇంటావంటా లేదు. నేనూ తమ్ముడూ ఆమా దూలాలకి దండలు గుచ్చి వేలాడదీసిన ఎండు జున్ను ముక్కలు తెంపుకుని పారిపోయేవాళ్లం. రాళ్లలా ఉండేవి. ఒక ముక్క బుగ్గన పెట్టుకుంటే సాయంత్రందాకా కరిగేది కాదు. ఆమా మా వెనకాల అరిచేది గానీ, మర్నాడు ఆ దండ ఇంకొంచెం కిందికి, మా చేతికందేలా వేలాడుతూ ఉండేది.

అంత ఎత్తున పప్పు ఉడకదు. పొద్దున పొయ్యి మీద పెడితే పొద్దుగూకేదాకా ఉడికించినా గింజ గింజగానే ఉంటుంది. అమ్మ ఆ కుండతో రోజూ తగువాడేది.

చలి ముదిరే ముందు ఊళ్లో ఆడవాళ్లంతా పొలంలో మన్ను తవ్వి గంపలతో ఇళ్లలోకి మోసుకుపోవడం చూశాం. గోడలు మెత్తుకోవడానికేమో అనుకుంది అమ్మ. అడగడానికి భాష లేదు.

ఆ చలికాలం గురించి ఎక్కువ రాయను. కనుమ మూసుకుపోయింది. తలుపు తీస్తే మంచు గోడ. తెచ్చుకున్న ఉల్లిపాయలు అయిపోయాయి, తరవాత బంగాళాదుంపలు గడ్డకట్టి నల్లబడ్డాయి. రొట్టె, బియ్యం, ఉడకని పప్పు, అంతే. సగం చలి గడిచేసరికి తమ్ముడి చిగుళ్లు వాచాయి. రొట్టె కొరికితే రొట్టె మీద రక్తం. తరవాత కాళ్లు నొప్పులని మంచం దిగడం మానేశాడు. పళ్లు కదిలాయి. మంచులో పడుతూ లేస్తూ వచ్చిన కాంపౌండరు వాడి నోరు తెరిచి చూసి, "దీనికి నా దగ్గర మందు లేదు. పచ్చటిది ఏదైనా పెట్టండి. ఆకైనా, కాయైనా," అన్నాడు. అయ్య తెలుగులో చెప్పాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. తెలుపు తప్ప ఏమీ లేదు.

ఆమా తన ఇంట్లో ఎండబెట్టిన ఆకులూ ముల్లంగి ముక్కలూ తెచ్చి ఇచ్చింది. తన ఇంట్లో ఉన్నవే కొద్ది, అందులో మాకు సగం. వాటి నీళ్లు తాగించి అమ్మ వాణ్ని ఎలాగో నెట్టుకొచ్చింది. ఒక రోజు అయ్యతో అంది:

"ఈడు ఇంకో సలికాలం ఇలగ బతకడు. వచ్చే సలికి ఈ గదిలో ఆకు ఉండాల. గది ఎనకాల నేల ఉంది. నాను ఏత్తాను."

"నేల మీద మంచుంది కదే. జేట మాసం దాకా కరగదంట. మళ్లీ వినాయక సవితికల్లా సలి. మద్దెలో ఏటి పండుతాది?"

"అది నాను సూసుకుంతాను."

ఉగాది వెళ్లిపోయింది. వేపపువ్వు లేదు, మావిడికాయ లేదు, పచ్చడీ లేదు. వెనకాల పట్టెడు నేల మీద మోకాలి లోతు మంచు అలాగే ఉంది. అమ్మ రోజూ వెళ్లి పుల్ల గుచ్చి లోతు చూసుకుని వచ్చేది.

ఒక పొద్దున ఎండ బాగా కాసింది. అమ్మ బయటికెళ్లి, అడుగు ముందుకెయ్యకుండా అలాగే నిలబడిపోయింది. నేను వెనక వెళ్లి చూశాను. మా మంచు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నల్లటి మన్ను చల్లి ఉంది. గట్టు కింద ఆమా ఖాళీ గంప దులుపుకుంటోంది.

మా వైపు ఆడవాళ్ల తగువులు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎదుటివాళ్లు నాశనం కావాలని కోరుకునే ఆడది వంగి, గుప్పెడు మన్ను తీసి, వాళ్ల గుమ్మం మీదికి విసిరి తిడుతుంది. అంతకంటే పెద్ద తిట్టు లేదు. మన్ను పోసిన ఇంటికీ పోయించుకున్న ఇంటికీ మనవలకాలం దాకా మాటలుండవు.

అమ్మ మొహం ఎర్రబడింది. "పిల్లోడు మంచం మీదుండగా మన ఇంటి మీద మన్ను పోసీసింది సూడు," అంది. "నిన్న ఆకులెట్టిన సేత్తోనే."

చీపురు తెచ్చింది. చెక్క తెచ్చింది. నన్నూ ఊడవమంది. మంచు మీంచి ఒక్క నలక మిగలకుండా మన్నంతా గీకి, ఊడ్చి, అయ్య గంపలోకి ఎత్తాం. మంచు మళ్లీ ముగ్గుపిండిలా తెల్లబడింది. అప్పుడు అమ్మ ఆ గంప నడుం మీద పెట్టుకుని గట్టు మీద నిలబడి, గుప్పెడు గుప్పెడు తీసి ఆమా పొలంలోని మంచు మీదికి విసరడం మొదలెట్టింది. ఒక్కో గుప్పెడుకి ఒక్కో తిట్టు.

"నీ కుండలు పగల. నీ గొడ్డు పాలియ్యక తన్న. నీ ముల్లంగి పుచ్చిపోను. నీ టీలో వెన్న ఇరిగిపోను."

ఆమా నడుం నిటారుగా చేసి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. చూసి, పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. ఇటు చల్లు, అటు ఇంకా పడలేదు అన్నట్టు చేత్తో చూపించింది. అమ్మ అటు కూడా చల్లింది, ఇంకా గట్టి తిట్లతో. గంప ఖాళీ అయ్యాక ఆమా గట్టెక్కి వచ్చి అమ్మ చేతిలో వేడి టీ గిన్నె పెట్టింది.

"దీనికి సిగ్గన్నది లేదేటే," అంది అమ్మ నాతో. తాగలేదు. చెప్పానుగా, పారబొయ్యడం లేదు. నేను తాగాను.

ఆ తరవాత ఎండలు వరసగా కాశాయి. ఆమా పొలంలో మంచు చిల్లులు పడి, తేనెపట్టులాగ అయి, కింద నీళ్లు గలగలమని పారడం వినబడింది. ఒక మధ్యాహ్నం చూస్తే నల్లటి నేల బయటపడి పొగలు కక్కుతోంది. గట్టుకి ఇవతల మాది మాత్రం చెక్కు చెదరకుండా తెల్లగా, గట్టిగా, అద్దంలా ఉంది. చుట్టూ ఊరంతా నల్లబడింది. తెల్లగా మిగిలింది మాదొక్కటే.

వంతెన దగ్గరి పని ముగించుకుని అయ్య వచ్చాడు. గది వెనక్కి వెళ్లి చూసి, "ఇదేటి? దార్లో ఆమా కొడుకు సెప్పాడు, వాళ్లమ్మ మనకి కూడా మన్ను సల్లిందని. మరి మంచు అలాగే ఉందేటి?" అన్నాడు.

"సల్లిందా? నువ్వూ ఇన్నావా ఆ సంగతి?" అంది అమ్మ. "తిరిగి దాని మీదే పోసీసాను."

ఆమా కొడుకు చెప్పిన సంగతి అయ్య విప్పి చెప్పాడు. నల్లటి మన్ను ఎండని పట్టుకుంటుంది, తెల్లటి మంచు ఎండని తిరగ్గొడుతుంది. పల్చగా మన్ను చల్లితే మంచు ముందే కరుగుతుంది, ముందే విత్తుకోవచ్చు. చలికి ముందు మన్ను ఇళ్లలో దాచేది ఇందుకే. దాచుకున్నదాంట్లోంచి కాస్త మాకు పోసింది, జబ్బు పిల్లాడున్న ఇల్లని. చెబుతూ చెబుతూ అయ్య గుమ్మంలో కూలబడి నవ్వడం మొదలెట్టాడు. ఆమా గొడ్డుని కూడా అమ్మ తిట్టిందని నేను చెప్పాక ఇంకా నవ్వాడు. మంచంలోంచి తమ్ముడు కూడా నవ్వాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

అమ్మ నవ్వలేదు. "ఇంత తెలిసినోడివి ముందే సెప్పొచ్చు గదా."

"ఇయ్యాల దాకా నాకేటి తెలుసు. నాను వడ్రంగిని."

మర్నాడు అమ్మ గట్టు దిగి ఆమా ఇంటికి వెళ్లింది. క్షమించమని చెప్పడానికి మాట రాదు. ఆమా వీపు మీంచి గంప లాక్కుని తన వీపుకి తగిలించుకుని, పొద్దుగూకేదాకా ఆవిడ పొలానికి ఎరువు మోసింది. ఆమాకి అదెందుకో తెలీదు. అమ్మ తనని తిట్టిందని ఆవిడకి ఎప్పటికీ తెలీలేదు. తెలియజెయ్యకూడదని మాకందరికీ ఒట్టు వేయించింది అమ్మ.

మరి మాకు మన్నేది? ఆమా దాచుకున్నది అయిపోయింది. ఇంకెవరింట్లోనూ మిగల్లేదు. బయటి నేల గునపం దిగనంతగా గడ్డకట్టి ఉంది. అయ్య పనికి వెళ్లాక అమ్మ గది మధ్యలో నిలబడి కింద నేల వైపు చూసింది. నావైపు చూసింది.

"మంచాలు ఎత్తు," అంది.

పొయ్యి వేడికి ఆ నేల గడ్డకట్టలేదు. గునపంతో పెళ్లలు పెళ్లలుగా లేచింది. జానెడు లోతు తవ్వి, దంచి, జల్లించి, పొయ్యిలో బూడిద కలిపి పట్టుకెళ్లి మంచు మీద పోశాం. అమ్మ ఆత్రం కొద్దీ దట్టంగా పోసింది. ఆమా పరిగెత్తుకొచ్చి తల అడ్డంగా ఊపింది. సగం గీకేసింది. మందంగా ఉంటే దుప్పటి కప్పినట్టని, కింద మంచు హాయిగా నిద్రపోతుందని సైగలు చేసింది. చెయ్యి దగ్గరికి పట్టి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యనుంచి సన్నగా జారుస్తూ నడిచి చూపించింది. అమ్మ ఒక నిమిషం ఆ చేతినే చూసింది. "ఓసోసి, ముగ్గెయ్యడమే కదా," అంది. ఇక ఆమా చూపించాల్సిన పని లేకపోయింది.

మా నేల అటు నల్లబడుతూ ఉండగా వంతెన పని చూసే ఓవర్సీరు వచ్చాడు. ఆయన కూడా చలికాలమంతా అక్కడే ఉండేవాడు, వేరే ఇంట్లో, ఇనప పొయ్యితో. లోపలికి తొంగి చూస్తే మంచాలు గోతిలో ఉన్నాయి.

"మిస్త్రీ, సర్కారీ క్వార్టర్ కా ఫర్ష్ ఖోద్ దియా?"

అయ్య తల దించుకుని అమ్మకి చెప్పాడు, గవర్నమెంటు నేల తవ్వీసేవేటని అడుగుతున్నాడని.

"గవర్నమెంటు నేల మీదే ఏసాను. లోపలిది బయటెట్టాను. ఎక్కడికీ మోసుకుపోలేదు, లెక్కెట్టుకోమను," అంది అమ్మ.

అయ్య దాన్ని ఎంతవరకు మెత్తగా చేసి చెప్పాడో నాకు తెలీదు. ఓవర్సీరుకి కోపం తగ్గలేదు. ఆ నేల కలపకి, కూరగాయలకి కాదన్నాడు. కనుమ తెరిచి లారీలు రాగానే దుంగలు అక్కడే దింపిస్తానన్నాడు. ఎదురు మాట్లాడితే గది కూడా ఖాళీ చెయ్యాలన్నాడు. ఆయన వెళ్లిపోయాక అయ్య తలుపు మూసి వచ్చాడు. తరవాత, "ఆ నేల ఒగ్గీ. ఉద్యోగం పోతాది," అన్నాడు.

"లారీలు ఎప్పుడొత్తాయి?"

"కనుమ తెరిస్తే."

"అయితే కనుమ కంటే ముందు మొలవాల," అంది అమ్మ.

మేం విత్తింది అలాంటి తొందరలో. మంచు పోయిన రోజే అయ్య వద్దు వద్దంటూనే చెక్క పళ్ల గొర్రు చేసిపెట్టాడు. ఆమా వచ్చి గునపం కర్రకి ఇంత వెన్న రాసింది, వాళ్ల ఆచారం. అమ్మ ఇంకో వైపు పసుపు బొట్టు పెట్టింది. ఆమా ఇచ్చిన ముల్లంగి, ఆవాలు, టర్నిప్ దుంప గింజలు, బఠానీలు ముందు వేశాం. మా ఊరి మూట చివర విప్పింది అమ్మ. గోంగూర గింజలు అరచేతిలో పోసుకుని వాటితో కోపంగా ఏదో అంది, నాకు వినబడలేదు. సాయంత్రం కాగానే నేనూ అమ్మా మడి మీద చెక్కపొట్టు పరిచి గోనెలు కప్పేవాళ్లం. ఎండెక్కాక తీసేవాళ్లం. మంచునీళ్లు పట్టీ పట్టీ వేళ్లు మొద్దుబారేవి. ఏడిస్తే అమ్మ, "ఏడు, గానీ గోనె వదలకు," అనేది.

విత్తనానికి నానేసిన బఠానీల్లో మొలకెత్తినవి తగ్గుతున్నాయని ఒక రోజు అమ్మ కనిపెట్టింది. మంచం మీద తమ్ముడి బుగ్గ ఉబ్బి ఉంది. చెయ్యెత్తింది. అంతలో వాడి నోరు తెరిపించి చూసింది. లేత మొలకలు నమిలి నమిలి వాడి చిగుళ్ల ఎర్రదనం తగ్గింది. ఎత్తిన చెయ్యి దించింది. ఆ రోజు నుంచి రెండు గిన్నెలు నానేసేది, ఒకటి నేలకి, ఒకటి వాడికి.

లారీలు వచ్చిన రోజుకి మా మడి ఇంతింత ఆకులతో పచ్చగా ఉంది. ఓవర్సీరు ముందు నడిచాడు. వెనక దుంగలు భుజాన వేసుకుని మనుషులు. "యహాఁ," అని వేలు చూపించాడు. అమ్మ మడిలో గొంతుక్కూర్చుని ఒత్తుగా ఉన్న ఆవమొక్కలు పీకుతోంది. తలెత్తలేదు. ముందున్న మనిషి అడుగెయ్యబోయి కాళ్ల దగ్గర చూశాడు. ఆగాడు. వెనకవాడితో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. అంతెత్తున, అంత చిన్న వేసవిలో, మొలిచిన మడి తొక్కే మనిషి ఆ లోయలో పుట్టలేదు. వాళ్లు వెనక్కి తిరిగి, షెడ్డు చుట్టూ తిరిగి, దూరమైనా సరే అవతల పక్కకి మోసుకెళ్లి దించారు. ఓవర్సీరు అరుస్తూనే ఉన్నాడు. చివరికి, "అగ్లే సాల్ దేఖూఁగా," అని వెళ్లిపోయాడు. వచ్చే ఏడు చూస్తానని.

ఆ పూట పీకిన ఆవాకు అమ్మ వండింది. తమ్ముడు మంచం దిగి, పీట మీద కూర్చుని తిన్నాడు.

బెండ మొలవలేదు. ఆనప మొలిచి ఒక చలిగాలికి వాడిపోయింది. గోంగూర వేలెడంత లేచి ఆగిపోయింది. ఎర్ర కాడ, నాలుగైదు ఆకులు. పెరగమంటే పెరగదు, చావమంటే చావదు. అమ్మ ఆ ఆకులన్నీ దూసి పచ్చడి నూరింది. తలా వేలి కొసంత వచ్చింది. మా అయ్య కళ్లు మూసుకుని నాకాడు. అంత పులుపు నేను ఈ ఢిల్లీలో ఎక్కడా చూడలేదు. ఇక్కడ బండి భయ్యా అమ్మే గోంగూర కట్టలో ఆకు పెద్దది, పులుపు సున్న.

వేసవి చివర అమ్మా ఆమా మిద్దె మీద కూర్చుని ఆకులు ఎండబెట్టేవాళ్లు. ఈవిడ తెలుగులో మా మేనత్తని తిట్టేది. ఆవిడ తన భాషలో బహుశా కోడల్ని తిట్టేది. ఒకరిది ముగిసేదాకా ఒకరు ఆగి, తల ఊపి, అప్పుడు తన వంతు అందుకునేవాళ్లు. ఒకరి మాట ఒకరికి తెలీదు గనక వాళ్ల మధ్య తగువే రాలేదు. ముల్లంగి, దుంపలు గోతిలో పూడ్చాం. తరవాత అమ్మ గంప తీసుకుని, ఊరందరితో పాటు మన్ను తెచ్చి మంచాల కింద పోసింది. లోపలి గొయ్యి అలా నిండింది.

రెండో చలికాలం తమ్ముడి నోట్లో రక్తం కనబడలేదు. మంచులో నాతో సమంగా దొర్లాడు. చలి సగంలో ఓవర్సీరు మనిషి మా తలుపు కొట్టాడు. సాబ్‌కి పళ్లు సలుపుతున్నాయి, ఆకేమైనా ఉంటే ఇమ్మన్నారని. అయ్య అమ్మ వైపు చూశాడు. అమ్మ గోతిలోంచి రెండు ముల్లంగులు, దోసెడు ఎండాకు తీసి మూట కట్టింది.

"సర్కారు మట్టిలో పండిందే, ఆయన సొత్తేనని సెప్పు," అంది.

ఆయన తిన్నాడు. మనసు మాత్రం మార్చుకోలేదు. మంచు తగ్గే రోజుల్లో అయ్యకి దిగువన ఇంకో వంతెన పని పడింది, కనుమ మీదుగా నడిచిపోయే మొదటి జట్టుతో వెళ్లిపోవాలని కబురు. దాంతోపాటే ఓవర్సీరు ఇంకో మాట కూడా పంపాడు. ఈ ఏడు మీరుండరు, దుంగలు ఎక్కడ పెట్టాలో నాకెవరూ చెప్పక్కర్లేదు అని.

అప్పటికి అమ్మ మన్ను చల్లేసింది. నేల అప్పుడప్పుడే బయటపడుతోంది. మేం గిన్నెలు మూట కడుతుంటే అమ్మ గొర్రు పట్టుకుని బయటికి వెళ్లింది. అయ్య వెంట వెళ్లాడు.

"ఎల్లిపోతన్నాం కదే. ఎవరు తింతారు ఇదంతా?"

"మనం ఎల్తే ఈ గదిలోకి ఇంకో మిస్త్రీ వత్తాడు. పిల్లల్తో వత్తాడు," అంది అమ్మ, సాలు తియ్యడం ఆపకుండా. "ఒట్టి నేలయితే ఆ ఓవర్సీరు దుంగలు దించీగలడు. మొలకుంటే దించలేడు. దించీ మనిషి దొరకడు."

విత్తనాల మూటలో ఒక్క గింజ దాచుకోలేదు. వస్తువు వృథా చేస్తే ప్రాణం పోయినట్టుండే మనిషి, తను తినని మడికి పేలికలు దులిపి మరీ వేసింది. చెక్కపొట్టు బస్తా ఆమా ముందు పెట్టి, సూర్యుణ్ని చూపించి, కిందికి దిగుతున్నట్టు చెయ్యి దించి, కప్పమని చూపించింది. ఆమా తల ఊపింది. మర్నాడు పొద్దున మేం నడక మొదలుపెట్టాం. తమ్ముడు తన కాళ్ల మీద తను నడిచాడు. అమ్మ వెనక్కి తిరగలేదు. నేను తిరిగాను. కింద ఊరంతా నల్లటి గళ్లు, అందులో మాది ఏదో పోల్చుకోలేకపోయాను.

తరవాత అయ్య ఆ లోయకి మళ్లీ వెళ్లలేదు. ఆ మడి ఏమైందో, ఆ గదిలోకి ఎవరొచ్చారో మాకు కబురు లేదు. ఆమాకి రాయడం రాదు, మాకు ఆమా పేరే తెలీదు. మా తమ్ముడు ఈ వయసులో కూడా తన పళ్లతోనే చెరుకు నమిలి పిప్పి ఊస్తాడు. అమ్మ ఉన్నన్నాళ్లూ మిగతా విషయాల్లో 'ఏమో' అనేది గానీ, ఆ మడి మాటొస్తే మాత్రం 'మొలిచింది' అనేది. ఎలా తెలుసమ్మా అంటే జవాబు చెప్పేది కాదు. ఇప్పుడు నన్ను అడిగితే నేనూ చెప్పను. కనుమ తెరవకముందే మొలిచింది, అంతే. కాదనేవాళ్లుంటే ఆ ఏడు దుంగలు ఎక్కడ దించారో కనుక్కుని వచ్చి నాతో మాట్లాడమనండి.